జిర్కోనియా పాలిష్ రబ్బర్ల కిట్: ఏడు నెలలు వాడాక

ముందే చెప్పేస్తా, జిర్కోనియాని (పంటి క్యాప్‌లు చేసే గట్టి తెల్లటి పదార్థం) నున్నగా చేసే ఈ కిట్ కొనొచ్చు. కాకపోతే డబ్బాలో మూడు రంగుల రబ్బర్లుంటే మధ్య రంగుది మీరు వాడరు, వాడినా రెండు తిప్పులు తిప్పి పక్కన పడేస్తారు. ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే మొదటి రెండు నెలలు నేను చేసిందీ అదే. ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఆ మధ్య రబ్బరే.

మాది తిరుపతిలో చిన్న డెంటల్ ల్యాబ్. రెండు బెంచీలు, ఒక ఫర్నేస్, నేను, నా దగ్గర పని నేర్చుకుంటున్న ఒక అబ్బాయి. మిల్లింగ్ మెషీన్ పెట్టే స్తోమత లేదు. పేషెంట్ పళ్ల అచ్చుని (మోడల్) స్కాన్ చేసి ఫైల్ చెన్నైకి పంపిస్తే అక్కడ జిర్కోనియా కోసి, 1500 డిగ్రీల చుట్టుపక్కల కాల్చి పంపిస్తారు. వచ్చాక మోడల్ మీద ఫిట్టింగ్ చూడటం, కాంటాక్ట్ (పక్క పంటికి తగిలే చోటు), బైట్ (ఎదురు పంటితో కలిసే తీరు) సరిచేయడం, రంగు, గ్లేజ్, పాలిష్ అంతా మా చేతి పని. జనం క్యాప్ అంటారు, మేం క్రౌన్ అంటాం, రెండూ ఒకటే.

ఇంతకు ముందు మా దగ్గర జిర్కోనియాకి ప్రత్యేకంగా పాలిష్ అంటూ లేదు. డైమండ్ బర్‌తో (వజ్రపు పొడి అద్దిన గ్రైండింగ్ ముల్లు) సరిచేయడం, మామూలు పింగాణీకి వాడే తెల్ల రబ్బరుతో ఓసారి రుద్దడం, గ్లేజ్ పూసి ఫర్నేస్‌లో పెట్టడం, అంతే. మెరుపు బ్రహ్మాండంగా వచ్చేది. గ్లేజ్ అంటే పలుచటి గాజు పొర, దాని కింద మనం పెట్టిన గీతలన్నీ కప్పబడిపోతాయి. లప్పం పెట్టకుండా గోడకి రంగు కొట్టినట్టు. క్లినిక్‌లో డాక్టరు గారు బైట్ ఎత్తుగా ఉందని బర్‌తో కొంచెం తగ్గించారనుకోండి, సరిగ్గా ఆ చోటే గాజు పొర పోయి కింద గరుకు బయటపడుతుంది. మళ్లీ గ్లేజ్ పెట్టాలంటే క్రౌన్ ల్యాబ్‌కి రావాలి, పేషెంట్ ఇంకో రోజు రావాలి. ఈ తిరుగుడు తప్పించుకోవడానికే కిట్ కొన్నా.

రెండు వేల ఎనిమిది వందలు పడింది. ఇంపోర్టెడ్ వాటితో చూస్తే చాలా తక్కువ. కంపెనీ పేరు రాయను, కింద ఒక ఫిర్యాదు ఉంది కాబట్టి. డబ్బాలో ఆరు ముక్కలు: మూడు చక్రాలు, మూడు బుల్లెట్లు. ఒక్కో ఆకారంలో ముతకది, మధ్యది, నున్నది. ఇందులో నీలం ముతక, గులాబీ మధ్య, పసుపు నున్నది. ఈ రంగుల్ని బట్టీ పట్టొద్దు, ఇంకో కంపెనీలో ఇవే రంగులు తారుమారుగా ఉంటాయి. డైమండ్ బర్లకైతే మెడ మీద ఉంగరం రంగు ఎక్కడైనా ఒకటే, ఆకుపచ్చ ముతక, ఎరుపు సన్నం, పసుపు ఇంకా సన్నం అని. రబ్బర్లకి అలాంటి కట్టుబాటు లేదు. కాడ 2.35 మి.మీ., మామూలు స్ట్రెయిట్ హ్యాండ్‌పీస్‌లో (మోటారుకి ఉండే చేతి పిడి) సరిగ్గా కూర్చుంటుంది. పేరుకి రబ్బరే గాని సిలికాన్‌లో డైమండ్ పొడి కలిపి చేసినవి. జిర్కోనియా మన పంటి ఎనామెల్ కంటే మూడు నాలుగు రెట్లు గట్టిది. దాన్ని మామూలు రబ్బరు, ప్యూమిస్ రాతిపొడి లాంటివి ఏమీ చేయలేవు. వజ్రం కావాల్సిందే.

ఇప్పుడు ఆ గొడవ.

ఒక క్లినిక్ నుంచి కేసు, బైరాగిపట్టెడ నుంచి వచ్చే ఒక పెద్దాయన, ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైర్ అయ్యారు. కింద ఎడమ వైపు దవడ పన్ను. ట్రయల్‌లో హై పాయింట్ (ఎత్తుగా తగిలే చోటు) ఉందని డాక్టరు గారు తగ్గించి, పాలిష్ చేసి పంపమని నాకు తిరిగి పంపారు. అప్పటికి కిట్ కొత్త. నీలం తిప్పా, గరుకు తగ్గింది. వెంటనే పసుపు తిప్పా, మెరుపొచ్చింది. గులాబీది ఎందుకో అనిపించింది, అదీకాక ఆ రోజు ఇంకో నాలుగు కేసులు లైన్లో ఉన్నాయి. చూడ్డానికి అద్దమే. పంపేశా, క్లినిక్‌లో పంటికి సిమెంట్ చేసి అంటించేశారు.

పది రోజులకి డాక్టరు గారి ఫోన్. "ఏమ్మా, నేను చూస్తే మెరుస్తోంది, ఆయన మాత్రం గరుకు అంటున్నాడు. ఏం చేశావు?" ఆ పెద్దాయన మాటలు కూడా ఆయనే చెప్పారు: "నాలుక ఊరుకోవడం లేదు సార్, రోజంతా ఆడికే పోతా ఉంది. కొత్త రూపాయి బిళ్ళ అంచు తగిలినట్టుంది." ముప్పై ఏళ్లు చిల్లర లెక్కపెట్టిన మనిషి, ఆయన చెప్తే నమ్మాల్సిందే.

నాకు అర్థం కాలేదు. అదే రోజు అదే పద్ధతిలో చేసిన ఇంకో క్రౌన్ బెంచి మీదే ఉంది, లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి చూస్తే దొరికింది. పైన మెరుపు ఉంది, మెరుపులోనే సన్నటి గీతలున్నాయి, దువ్వెన పళ్లలా ఒకే దిక్కులో. కంటికి మోసం, నాలుకకి కాదు. తర్వాత తెలిసింది, 2004లో బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో దీని మీదే ఒక పేపర్ వచ్చిందట. పావు మైక్రాన్ గరుకుకీ అర మైక్రాన్ గరుకుకీ తేడాని మనుషులు నాలుకతో పట్టేశారని అందులో తేలింది. మన తల వెంట్రుకే సుమారు 70 మైక్రాన్ల మందం, ఇక చూసుకోండి. ఇది ఒక్క నాలుక బాధ కూడా కాదు. గరుకు 0.2 మైక్రాన్లు దాటితే ఆ చోట పాచి ఎక్కువ నిలుస్తుందని లెక్క చెప్తారు. చిగుళ్ల పక్కన ఆ గరుకు ఉంటే చిగుళ్లు ఎర్రబడతాయి, రక్తం వస్తుంది, పేషెంట్ మాత్రం క్యాప్ సరిపడలేదంటాడు.

మా మేనమామ కుప్పం దగ్గర గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో ఎప్పటి నుంచో పనిచేస్తున్నాడు. ఆ వారం ఏదో పెళ్లికి తిరుపతి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఈ కథ చెప్తే సంగటి ముద్ద చేతిలో పట్టుకునే నవ్వాడు. "పాపా, నువ్వు నంబర్ దాటేసినావు. రాయైనా పన్నైనా గీత గీతే. ముతక రాయి పెట్టిన గీతని దాని తర్వాత నంబరే తీయాల. ఆఖరి నంబరు గీత మీద మెరుపు పెడతాది, గీతని తీయదు." వాళ్ల దగ్గర పలక మీద ఒకదాని తర్వాత ఒకటి ఎన్నో నంబర్లు తిప్పుతారట, మధ్యలో ఒకటి దాటించి పంపితే టోకు కొనేవాడు పలకని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూసి వెనక్కి కొట్టేస్తాడట. నేను డిప్లొమాలో చదివిందే ఇదంతా. కాని పరీక్షలో రాసి వచ్చిన దానికన్నా ఆ సంగటి ముద్ద దగ్గర విన్నది ఎక్కువ ఎక్కింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ముందు సన్నటి డైమండ్, ఎర్ర ఉంగరానిది, నీళ్లతో. ఇక్కడ కక్కుర్తి పడితే తర్వాత రబ్బర్లు ఎంత తిప్పినా దండగ. తర్వాత నీలం ఒక దిక్కులో, గులాబీ దానికి అడ్డంగా, పసుపు మళ్లీ మొదటి దిక్కులో. దిక్కు మార్చడం ఎందుకంటే వెనకటి గీతలు ఇంకా ఉన్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఒకే దిక్కులో తిప్పితే పాత గీతా కొత్త గీతా కలిసిపోయి ఏమీ కనపడవు. గులాబీకే అన్నిటికంటే ఎక్కువ సేపు, దవడ పన్నుకైతే ఒకటిన్నర నిమిషం పైనే. అనుమానం ఉంటే ఎర్ర పెన్సిల్ రుద్ది తుడుస్తా, గీతల్లో రంగు ఇరుక్కుంటే ఇంకా పని ఉన్నట్టే. చివర్న ట్యూబ్‌లైట్ కింద పట్టి చూస్తా. క్రౌన్ మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం అంచులు కత్తిరించినట్టు కనపడాలి. తెల్లగా మెరుస్తూ అంచులు చెదిరితే అది పాలిష్ కాదు, పైపూత. ఆ పరీక్ష పాసైతే డైమండ్ పేస్ట్ కొంచెం, ఫెల్ట్ చక్రంతో ముప్పై సెకన్లు. పేస్ట్ కిట్‌లో రాదు, విడిగా కొనాలి, ఇది మైనస్సే.

స్పీడు గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. మా మోటారు నిమిషానికి 35,000 తిప్పుల వరకు పోతుంది, ఈ రబ్బర్ల డబ్బా మీద గరిష్ఠం 20,000 అని ఉంది. నేను నీలానికి 12,000 దాటను, పసుపుకి 7,000, 8,000. మొదట్లో పని నేర్చుకునే మా అబ్బాయి తొందర తగ్గక ఫుల్ స్పీడ్‌లో గట్టిగా నొక్కి పట్టాడు, నిప్పురవ్వలొచ్చాయి. జిర్కోనియా వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు, ఆ వేడంతా పైనే ఒక చోట పేరుకుంటుంది. ముతక డైమండ్‌తో నీళ్లు లేకుండా గట్టిగా గ్రైండ్ చేస్తే పైపైన సన్నటి పగుళ్లు కూడా రావచ్చు. నిప్పురవ్వ కనపడిందంటే చేయి బరువు తగ్గించమని అర్థం. రబ్బరు కూడా ఊరికే అరిగిపోతుంది, సిలికాన్ పొడి అంతా మొహం మీదికి. మాస్కు, కళ్లద్దాలు, సక్షన్ (పొడిని లాగేసే మెషీన్) లేకుండా ఈ పని చేయొద్దు. చిన్న ల్యాబుల్లో ఎంతమంది అవేవీ లేకుండా కూర్చుంటారో నాకు తెలుసు, ఎండాకాలంలో ఫ్యాన్ గాలికి ఆ పొడి గదంతా తిరుగుతుంటుంది.

కిట్ వల్ల నేను పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. నీలం రబ్బరు అనుకున్న దానికంటే ఎక్కువ తినేస్తుంది. పక్క పంటికి కాంటాక్ట్ మోడల్ మీద సరిగ్గా పెట్టి, ఆ తర్వాత పాలిష్‌కి కూర్చుంటే పాలిష్ అయ్యేసరికి కాంటాక్ట్ వదులైపోతుంది, అందులో పీచు ఇరుక్కుంటుంది. ఒక రీమేక్ ఇలాగే పడింది నాకు. ఇప్పుడు కాంటాక్ట్ కొంచెం బిగువుగానే ఉంచి, ఆ చోట నీలం మానేసి గులాబీ, పసుపుతోనే కానిచ్చి, 8 మైక్రాన్ల రేకు పెట్టి లాగి చూసుకుంటున్నా. మార్జిన్ (పన్నుతో కలిసే క్రౌన్ అంచు) దగ్గరా అంతే. సన్నటి అంచు మీదికి చక్రం పోనిస్తే అంచు గుండ్రమైపోతుంది, క్రౌన్‌కీ పన్నుకీ మధ్య సందు కనపడుతుంది. అక్కడ బుల్లెట్‌తో, క్రౌన్ నుంచి అంచు వైపుకి, తేలిగ్గా. లోపలి వైపు మాత్రం పొరపాటున కూడా పాలిష్ చేయకండి, సిమెంట్ పట్టుకోవాల్సింది అక్కడే, అక్కడ సాండ్‌బ్లాస్ట్ (సన్నటి పొడిని గాలితో కొట్టడం) చేసిన గరుకు ఉండాలి. ఇది కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రాస్తున్నా, మా అబ్బాయి ఒకసారి ఎంతో శ్రద్ధగా లోపల కూడా అద్దంలా చేసి చూపించాడు.

ఈమాక్స్‌కి (లిథియం డైసిలికేట్ అనే ఇంకో రకం క్రౌన్ పదార్థం) ఇదే కిట్ వాడొచ్చా అని ఒక టెక్నీషియన్ అన్న అడిగారు. వద్దన్నా. జిర్కోనియా రబ్బరు దానికి మరీ ఎక్కువ. ఈమాక్స్ బలం 400, 500 మెగాపాస్కల్స్ చుట్టుపక్కలే, జిర్కోనియా 1000 దగ్గర. బలం వేరు, అరుగుదల వేరు, నాకు తెలుసు, కాని చేతి కింద తేడా వెంటనే తెలిసిపోతుంది. నేను ఒక్కసారి ప్రయత్నిస్తే పక్క అంచు గట్టు సగం మాయమైంది. లిథియం డైసిలికేట్‌కి వేరే కిట్లున్నాయి, అవే తీసుకోండి. క్రౌన్ మీద పొరలుగా పెట్టే లేయరింగ్ పింగాణీకైతే ఇంకా మెత్తవి.

ఇప్పుడు గ్లేజ్ కావాలా, పాలిష్ కావాలా అనే పాత తగాదా. మా క్లినిక్కుల్లో సగం మందికి గ్లేజ్ మెరుపే కావాలి, పెట్టెలోంచి తీయగానే తళుక్కుమనాలి. కాని నమిలే చోట గ్లేజ్ కొన్నాళ్లకే అరిగిపోతుంది, గాజు పొరే కదా. కింద జిర్కోనియాని గరుకుగా వదిలేసి ఉంటే అప్పుడు అది ఎదురు పంటి మీద ఆకురాయిలా పనిచేస్తుంది. జిర్కోనియా గట్టిది కాబట్టి ఎదురు పన్ను అరుగుతుందని పేషెంట్లకి, కొందరు డాక్టర్లకి కూడా ఒక భయం. ఎదురు పంటిని ఎక్కువ అరగదీసేది గట్టితనం కన్నా గరుకుతనం. బాగా పాలిష్ చేసిన జిర్కోనియా ఎదురు ఎనామెల్‌ని గ్లేజ్ చేసిన దానికంటే తక్కువే అరగదీస్తుందని ప్రయోగాల్లో మళ్లీ మళ్లీ తేలింది. అందుకే నేనిప్పుడు నమిలే చోట మూడు రబ్బర్లూ పూర్తిగా తిప్పాకే, రంగు కోసం కావాలంటే బుగ్గ వైపు మాత్రం గ్లేజ్ పెడుతున్నా. దీనికి కేసుకి ఆరేడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. రేటు పెంచమంటే ఏ క్లినిక్కూ పెంచదు, అది వేరే ఏడుపు.

మామూలు పింగాణీ క్రౌన్లున్నవాళ్లకి ఇంకో మాట, సందర్భం వచ్చింది కాబట్టి. క్లినిక్కుల్లో పెట్టే ఆమ్లం కలిసిన ఫ్లోరైడ్ జెల్ ఆ పింగాణీ పైపొరని తినేసి గరుకు చేస్తుంది. పింగాణీ క్యాప్ ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి, ఆమ్లం లేని ఫ్లోరైడ్ పెడతారు.

ఫిర్యాదుకొస్తా. మొదటి డబ్బాలో పసుపు చక్రం మధ్య కాడకి సరిగ్గా కూర్చోలేదు, తిప్పితే ఊగేది. ఊగే చక్రంతో పాలిష్ అంటే గరుకు రోడ్డు మీద ఆటో ఎక్కినట్టు, క్రౌన్ మీద టక టక కొడుతుంది. అమ్మినవాళ్లకి వీడియో పంపించా. బ్రహ్మోత్సవాల రోజులు, తిరుపతి పార్సిళ్లన్నీ ఆలస్యం అన్నారు, అది కొంత నిజమే అనుకోండి, కాని చక్రం మార్చి పంపడానికి పద్దెనిమిది రోజులు పట్టింది, ఆరు సార్లు ఫోన్ చేయాల్సొచ్చింది, మూడోసారి ఫోన్ ఎత్తిన అమ్మాయి "మీరు ఎక్కువ నొక్కి ఉంటారు మేడం" అంది. వీడియోలో చక్రం గాల్లో తిరుగుతోంది, దేన్నీ తాకలేదు. డబ్బా రాగానే ఆరు ముక్కలూ మోటారుకి పెట్టి ఖాళీగా తిప్పి చూసుకోండి, ఊగితే అప్పుడే వీడియో తీసి పెట్టుకోండి.

మన్నిక పర్వాలేదు. నీలం చక్రం నాకు సుమారు నలభై క్రౌన్లకి వచ్చింది, గులాబీ కొంచెం తక్కువ, పసుపు ఇంకా నడుస్తోంది. దవడ పంటి కొనలకి తగిలి చక్రం మధ్యలో గాడి పడుతుంది, డ్రెస్సింగ్ స్టోన్ మీద పెట్టి నిదానంగా తిప్పితే మళ్లీ ఆకారం వస్తుంది. బుల్లెట్లు దవడ పంటి గుంతల్లోకి బాగా పోతాయి, కాని కొన తొందరగా మొద్దుబారుతుంది. గుంతలో గరుకు మిగిలిందంటే నిమ్మకాయ ఊరగాయ కారం, కాఫీ మరకలు అక్కడే దిగబడతాయి, కాబట్టి కొన సన్నగా ఉంచుకోవాలి.

క్లినిక్ వాళ్లు ఈ కిట్ కొనొద్దు, ఇది ల్యాబ్ కాడతో వస్తుంది. నోట్లో చేయడానికి కాంట్రా యాంగిల్‌కి (డాక్టర్లు వాడే వంపు హ్యాండ్‌పీస్) పట్టే పొట్టి కాడ కిట్ వేరే ఉంది, అదే మూడు రంగులు. మా కండక్టరు గారి క్రౌన్ సిమెంట్ అయిపోయింది కాబట్టి దాన్ని తీయలేదు, డాక్టరు గారు ఆ కిట్ తెప్పించి నోట్లోనే, నీళ్లు కొడుతూ, మూడు రంగులూ వరసగా తిప్పారు. నీళ్లు తప్పనిసరి, లోపల నరం బతికి ఉన్న పన్నైతే ఆ వేడి నరానికి తగులుతుంది. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డా, తప్పు నాది కదా. గులాబీ తిప్పేటప్పుడు ఇంకొంచెం సేపు సార్ అని రెండు సార్లు అన్నా, డాక్టరు గారు నా వైపు ఒక చూపు చూసి ఇంకొంచెం సేపు తిప్పారు. పెద్దాయన నోరు పుక్కిలించుకుని నాలుకతో రెండు మూడు సార్లు తడిమి చూసుకుని, ఏమీ అనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఫోన్ రాలేదు.

ఐదుకి నాలుగు ఇస్తా. ఒకటి తగ్గించింది ఊగే చక్రానికీ, ఆ పద్దెనిమిది రోజులకీ. నిన్న గులాబీ చక్రాలు విడిగా అడిగితే ఐదుకి తక్కువైతే అమ్మం అన్నారు. నాకు రెండు చాలు, తిరుపతిలో గాని చిత్తూరులో గాని ల్యాబ్ ఉన్నవాళ్లెవరికైనా మిగతా మూడు కావాలంటే చెప్పండి, కొన్న రేటుకే ఇస్తా.